ఇరుసు కూర్చే చేయి

పాత మహీంద్రా జీపు వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండ్రటి హౌసింగు లోపల 43 పళ్ళ పెద్ద చక్రం ఒకటి, 8 పళ్ళ చిన్న గేరు ఒకటి ఉంటాయి. పెద్దది క్రౌను, చిన్నది పినియన్. ఇంజను నుంచి వెనక చక్రాలకు వచ్చే బలమంతా ఆ ఎనిమిది పళ్ళ మీదుగానే చేరాలి. పినియన్ 43 చుట్లు తిరిగితే క్రౌను 8 చుట్లు తిరుగుతుంది. అంటే పినియన్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు ఐదు చుట్ల పైచిలుకు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందన్నమాట. జీపు రాతిగుట్ట ఎక్కేది ఆ లెక్క పుణ్యాన.

ఈ రెండు గేర్లనూ ఒకచోట సరిగ్గా కూర్చడం ఎంత గొప్ప పనో దగ్గర నిలబడి చూసినవాళ్ళకే తెలుస్తుంది. నడికుడి, దాచేపల్లి, పిడుగురాళ్ళ ప్రాంతంలో జీపో, బొలెరోనో, థారో ఉన్న మనిషికి ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినపడుతుంది: ‘క్రౌను పోయింది, హౌసింగు దింపాలి’. వెంటనే లెక్కలు మొదలవుతాయి. మనమే విప్పుకుందామా? హైవే పక్కన షెడ్డులో ఇద్దామా? గుంటూరో, విజయవాడ ఆటోనగరో తీసుకెళదామా? సామాను ఖరీదు సరే, కూలి కింద అంత అడుగుతున్నారేమిటి? చివరి ప్రశ్నకు జవాబు తెలిస్తే ముందున్న మూడూ వాటంతటవే తేలిపోతాయి. అందుకే ఆ కూలి దేనికో చెప్పడానికి ఈ వ్యాసం.

ముందు నేల సంగతి. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద బండికి ఏ బాధా లేదు. తారు దిగితేనే కథ. గుంటూరు నుంచి వచ్చిన రైలు మార్గం నడికుడి దగ్గర చీలి, ఒకటి మాచర్లకు, ఇంకొకటి కృష్ణ దాటి నల్గొండ వైపుకు పోతుంది. ఈ పట్టాల రెండు పక్కలా నేల కింద ఉన్నది సున్నపురాయి. పైన నల్లరేగడి, కింద రాయి, మధ్యలో క్వారీ బాటలు. క్వారీలోకి దిగే దారిలో రాయి మెట్లుమెట్లుగా ఉంటుంది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచి వట్టినే గిర్రున తిరుగుతుంది, మరుక్షణం రాతి మీద పడి ఒక్కసారిగా పట్టు దొరుకుతుంది. ఆ దెబ్బ షాఫ్టు గుండా పోయి పినియన్ పంటి మీద పడుతుంది. పళ్ళు విరిగేది ఎక్కువగా ఇలాంటి క్షణంలోనే. బరువు లాగేటప్పుడు పన్ను అరుగుతుంది, ఇలా కుదిపినప్పుడు విరుగుతుంది.

నీళ్ళ సంగతి ఇంకో రకం. నాగులేరు లాంటి వాగు దాటేటప్పుడు ఇరుసు హౌసింగు వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్ళు తగలగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ అని హౌసింగు పైన చిన్న గొట్టమో, మూతో ఉంటుంది, లోపలికి గాలి వచ్చే దారి అదే. అది రేగడి మట్టితో పూడుకుపోయి ఉంటే ఆయిలు సీలు అంచుల గుండా నీళ్ళే లోపలికి పోతాయి. తర్వాత డ్రెయిన్ బోల్టు విప్పితే గేరాయిలు తెల్లబడి బయటికొస్తుంది. ఆ ఆయిలుతోనే ఒక పంట కాలం బండి తోలితే బేరింగుల మీద తుప్పు చుక్కలు పడతాయి. చిన్న మూత శుభ్రంగా పెట్టుకోనందుకు పెద్ద ఖర్చు ఎదురవుతుంది. బ్రీదర్ చూసుకోవడానికి ఏ షెడ్డూ అక్కర్లేదు.

ఇక పని సంగతి. ఎద్దుల బండికి ఇరుసు కదలదు, రెండు చక్రాలూ దాని మీద దేనికదే తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోయినా ఏ ఇబ్బందీ లేదు. ఇరుసే చక్రాన్ని తిప్పాల్సి వచ్చినప్పుడు ఈ సుఖం పోతుంది. దాన్ని తిరిగి తెచ్చిపెట్టేదే క్రౌనును మోసే కేసులోని డిఫరెన్షియల్. 1827లో ఒనేసిఫోర్ పెకర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం దీన్ని పేటెంటు చేశాడు. గడియారం మనిషి చేతిలో పుట్టింది కాబట్టో ఏమో, ఈ యంత్రానికి ఇప్పటికీ గడియారపు పనికి కావలసిన ఓపికే కావాలి. తర్వాత 1920ల్లో అమెరికాలో రోచెస్టర్ ఊళ్ళోని గ్లీసన్ కంపెనీ పినియన్‌ను క్రౌను నడిమధ్యకు కాక కాస్త కిందికి జరిపి కోసే పద్ధతి తెచ్చింది. దాన్నే హైపాయిడ్ అంటారు. పళ్ళు వంపు తిరిగి, ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాక జారుతూ కూడా కలుస్తాయి. చప్పుడు తగ్గింది, బలం పెరిగింది. దానితోపాటు రెండు గేర్లూ ఏ స్థానంలో కూర్చోవాలన్న పట్టింపూ పెరిగింది. మామూలు గేరాయిలు ఆ జారుడు ఒత్తిడికి ఆగదు, జీఎల్-5 రకం ఆయిలు కావాలి. అదే ఆయిలు పాత జీపు గేర్‌బాక్సులో పోస్తే లోపలి ఇత్తడి భాగాలకు మంచిది కాదు. ఈ తేడా చెప్పకుండా రెండింటిలోనూ ఒకటే డబ్బా పోసే షెడ్డును నేను అక్కడికక్కడే పక్కన పెట్టేస్తాను.

మంచి మేస్త్రి ఇరుసు విప్పే తీరులోనే తేడా కనిపిస్తుంది. వెనక మూత తీశాక క్రౌను మోసే కేసును హౌసింగుకు పట్టి ఉంచే రెండు బేరింగు క్యాపులు ఎదురవుతాయి. ఈ క్యాపుల్ని హౌసింగుకు బిగించి, అలా బిగించిన మీదే రంధ్రం తొలుస్తారు. అందువల్ల ఎడమది ఎడమకే, కుడిది కుడికే, తలకిందులు కాకుండా వెళ్ళాలి. నేను చూసిన ఒక మేస్త్రి స్పానరు పెట్టకముందే సెంటర్ పంచ్ తీసుకుని ఎడమ క్యాపు మీద, దాని పక్కన హౌసింగు మీద ఒక్కో చుక్క పెట్టాడు. కుడివైపు రెండేసి చుక్కలు. పట్టుమని నిమిషం కూడా పట్టలేదు. ఆ చుక్కలు లేని హౌసింగులు బోలెడన్ని వస్తాయని, క్యాపులు మారిపోయి బేరింగు వేడెక్కి పాడైనవి తన దగ్గరకే వస్తుంటాయని చెప్పాడు.

సామాను విప్పడం అరపూట పని. బల్ల మీద పాత క్రౌను, పినియన్, కేసు లోపలి సైడు గేర్లు, స్టారు గేర్లు, బేరింగుల కప్పులు, కోనులు, వాటి మధ్య నుంచి వచ్చిన పలచటి ఉక్కు రేకులు వరసగా పెడతారు. ఆ రేకులే షిమ్ములు. అసలు పని అంతా వాటిదే. పాత షిమ్ములు పారేయకుండా, ఎక్కడ నుంచి వచ్చిన కట్ట అక్కడే విడిగా ఉంచి, మైక్రోమీటరుతో మందం కొలిచి, అట్ట మీద పెన్సిలుతో రాసుకున్న మనిషిని చూస్తే నాకు సగం నమ్మకం కుదురుతుంది. కొత్త సెట్టు కూర్చడం ఆ అంకెల దగ్గరే మొదలవుతుంది మరి.

కూర్చాల్సినవి నాలుగు కొలతలు. పినియన్ ఎంత లోతుకు పోవాలి. దాని రెండు బేరింగులూ ఎంత బిగువుగా ఉండాలి. క్రౌను పినియన్‌కు ఎంత దగ్గరగా ఉండాలి, అంటే రెండు పళ్ళ మధ్య ఎంత సందు. క్రౌను మోసే బేరింగులు ఎంత బిగువు. డానా 44 అనే ఇరుసు ఎన్నో పాత జీపుల వెనక ఉంటుంది, అందులో ఈ నాలుగూ షిమ్ములతోనే తేలాలి. పళ్ళ మధ్య సందు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, అటూ ఇటూగా రెండు మూడు తలవెంట్రుకల మందం. చేయి పెట్టి క్రౌనును అటూ ఇటూ ఊపితే ‘టిక్ టిక్’మని వినపడుతుంది గానీ ఎంత సందుందో చేయి చెప్పలేదు. డయల్ గేజి కావాలి. అయస్కాంతపు స్టాండుతో హౌసింగు మీద నిలిపి, గేజి ముల్లు క్రౌను పంటికి ఆనించి, నాలుగు వైపులా తిప్పి కొలుస్తారు. ఒకచోట ఒక కొలత, ఇంకోచోట ఇంకొకటి వస్తే క్రౌను వంకరగా బిగిసిందని అర్థం. కేసు అంచు మీద ఇసక రేణువో, బోల్టు రంధ్రం చుట్టూ లేచిన ఇనప పొరో ఉండి ఉంటుంది. విప్పి, ఆ అంచును సన్నటి ఆకురాయితో రాసి, తుడిచి, మళ్ళీ బిగించాలి.

ఇక్కడే నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటి. కేసు బేరింగుల కింద షిమ్ము మార్చాలంటే బేరింగు ఊడదీయాలి. కొత్త బేరింగు గట్టిగా దిగేలా చేసి ఉంటుంది, పుల్లరు పెట్టి లాగిన ప్రతిసారీ అది పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకని అనుభవమున్న మేస్త్రీలు అదే నంబరు పాత బేరింగుల జత ఒకటి దాచుకుంటారు. వాటి లోపలి రంధ్రాన్ని సన్నగా అరగదీసి, చేత్తో తొడిగి చేత్తో తీసేలా చేసుకుంటారు. కొలతలు తేలేదాకా ఈ పాతవే వేస్తారు, అన్నీ కుదిరాక కొత్తవి ప్రెస్సులో దించుతారు. ఏ దుకాణంలోనూ అమ్మకపోయినా ఎవరి డబ్బాలో వాళ్ళు తయారుచేసుకున్న పనిముట్టు అది. షెడ్డులో ఆ అరిగిన జత కనపడితే, ఆ మనిషి ఈ పని ఒకసారికి వదిలేసే రకం కాదని, కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ విప్పుతాడని చెప్పొచ్చు.

కొలతలన్నీ గేజి మీద సరిపోయినా అక్కడితో అయిపోదు. అసలు తీర్పు పళ్ళు చెప్పాలి. క్రౌను పళ్ళు నాలుగైదింటికి రంగు పూస్తారు. కొందరు నీలం పేస్టు వాడతారు, పాతకాలపు వాళ్ళు నూనెలో కలిపిన సింధూరం. క్రౌనుకు ఒక కర్ర అడ్డం పెట్టి కాస్త బరువు ఆపుతూ పినియన్‌ను రెండువైపులా తిప్పుతారు. రంగు మీద పినియన్ పన్ను ఎక్కడ ఆనిందో మరక పడుతుంది. మరక పంటి మధ్యలో పడితే మంచిది. పంటి మొదలు దగ్గర, లోయ వైపు పడితే పినియన్ మరీ లోపలికి పోయింది, షిమ్ము తగ్గించాలి. కొస మీద పడితే లోతు చాల్లేదు, షిమ్ము పెంచాలి. బండి ముందుకు లాగేటప్పుడు ఆనే వైపూ, యాక్సిలరేటరు వదిలినప్పుడు ఆనే వైపూ రెండూ చూడాలి. ఒకవైపు అందంగా కుదిరి రెండోవైపు పక్కకు పోవడం సర్వసాధారణం. అప్పుడు మళ్ళీ అంతా విప్పాలి. లోతు మారిస్తే సందు మారుతుంది, సందు సరిచేస్తే మరక జరుగుతుంది.

నేను చూసిన రోజున మేస్త్రి పక్కన పనిచేసే కుర్రాడు మూడోసారి విప్పమనేసరికి నసిగాడు. ‘బాగానే ఉందిగా అన్నా, ఇంక బిగించేద్దాం’ అన్నాడు. మేస్త్రి వాణ్ణి క్రౌను దగ్గరికి పిలిచి వంగి చూడమన్నాడు. ‘కొసకు తగులుతుందిరా. ఇట్టాగే ఇస్తే మూణ్ణెల్లు కూడా ఆగదు, కూతేసుద్ది’ అని చెప్పి, 0.05 మిల్లీమీటరు షిమ్ము ఒకటి తీసి వాడి చేతిలో పెట్టాడు. తర్వాత పడ్డ మరక పంటికి నట్టనడుమ, రెండు అంచులకూ సమంగా ఎడం ఇచ్చి, కోలగా ఉంది. ఇంత అందంగా కుదిరిన పని మీద మూత బిగించి, ఆయిలు పోసేస్తారు. యజమాని జన్మలో దాన్ని చూడడు.

మొదట్లో చెప్పిన పళ్ళ లెక్కలో 43కూ 8కీ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు. అందువల్ల పినియన్ మీది ప్రతి పన్నూ క్రౌను మీది ప్రతి పన్నునూ వరసగా కలుసుకుంటూ పోతుంది. ఏ రెండు పళ్ళ జంటా క్రౌను ఎనిమిది చుట్లు తిరిగేదాకా మళ్ళీ కలవదు. ఒక పంటి లోపం వల్ల ఒకే చోట గుంట పడనీయకుండా అరుగుదలను పంచే పద్ధతి ఇది. క్రౌను, పినియన్ రెంటినీ కర్మాగారంలోనే కలిపి అరగదీస్తారు, రెంటి మీదా ఒకటే నంబరు చెక్కుతారు. క్రౌను ఒక బండిది, పినియన్ ఇంకో బండిది తెచ్చి ‘పళ్ళ లెక్క సరిపోయింది’ అని కూర్చితే ఏ మేస్త్రీ ఆ కూత ఆపలేడు. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను కొనేవాళ్ళు ఈ నంబరు చూడకుండా డబ్బు ఇవ్వకూడదు. 1960ల నుంచి లారీల బాడీలు, ఇంజన్లు, ఇరుసులు బాగుచేస్తూ పెరిగిన పేట అది. మంచి పాత సెట్లు దొరికే చోటే, జత తప్పినవీ దొరికే చోటే.

ఇంతకూ ఎవరికి ఇవ్వాలి? నా లెక్క ఇది. తప్పు జరిగితే వెంటనే బయటికి కనపడే పనులు మనం చేసుకోవచ్చు. ఆయిలు మార్చడం, బ్రీదర్ శుభ్రం చేయడం, మూత పాకింగు వేయడం, ముందు హబ్బు బేరింగులు కడిగి గ్రీజు పెట్టి బిగువు చూసుకోవడం, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు మార్చడం. చేయి తిరిగినవాళ్ళు ఆయిలు సీలు కూడా వేసుకోవచ్చు. కొన్ని పాత జీపుల్లో వెనక హబ్బు కొస వైపు సన్నబడే షాఫ్టు మీద కీ అనే చిన్న ఇనప ముక్కతో బిగిసి ఉంటుంది, దానికి తగిన పుల్లరు లేకుండా సుత్తితో కొడితే షాఫ్టు మర పాడవుతుంది. అక్కడ ఆగడం మంచిది. తప్పు జరిగినా వెయ్యి కిలోమీటర్ల తర్వాత గానీ తెలియని పని క్రౌను, పినియన్ కూర్చడం. ఆ పనికి కూలి ఇవ్వాల్సిందే. మన దగ్గర డయల్ గేజి, ప్రెస్సు, రకరకాల మందాల షిమ్ములు ఉండవు. అవన్నీ కొనుక్కున్నా మరక చదివే కన్ను కొనుక్కోలేం. అది ఎన్నో ఇరుసులు విప్పితే వచ్చేది.

ఇచ్చే ముందు జబ్బు తేల్చుకోవాలి, ఎందుకంటే ఇరుసు కూతలన్నీ క్రౌను కూతలు కావు. బండి లాగేటప్పుడు కూత పెట్టి, కాలు తీయగానే మారితే అనుమానం క్రౌను మీదికి పోతుంది. స్టీరింగు అటూ ఇటూ తిప్పినప్పుడు కూత హెచ్చుతగ్గులైతే చక్రపు బేరింగు. కదిలేటప్పుడు ‘ఠక్’మని ఒక్కసారి కొడితే ముందు క్రాసులు చూడాలి, అవి చవక. డ్రెయిన్ బోల్టు తీసి ఆయిలు తెల్ల గుడ్డ మీద పోసి చూడాలి. బూడిదరంగు సన్నటి పొడి మామూలు అరుగుదల. రేకుల్లాంటి ముక్కలు దొరికితే ఇక ఆలోచించక్కర్లేదు. ఈ పరీక్షలేవీ చేయకుండా, బండి ఒక చుట్టు తోలి ‘సెట్టు మార్చాల్సిందే’ అనేవాళ్ళకు నేను బండి ఇవ్వను.

పెద్ద టైర్లు వేసుకుని ఇరుసు లెక్క మార్చాలనుకునే కుర్రాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ళకు కూడా లెక్క చెప్పాలి. దాదాపు 29 అంగుళాల టైరు తీసి 32 అంగుళాలది వేస్తే 5.38 నిష్పత్తి ఉన్న ఇరుసు 4.88 ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. గుట్ట ఎక్కే బలం పదో వంతు తగ్గుతుంది. దాన్ని సరిచేయడానికి వెనక క్రౌను మారిస్తే ముందుదీ మార్చాలి. రెండింటి నిష్పత్తీ ఒకటి కాకపోతే ఫోర్ వీల్ వేయగానే ముందు వెనక ఇరుసులు ఒకదాన్నొకటి లాగుకుంటాయి. అంటే ఇందాక చెప్పిన పనంతా రెండుసార్లు, రెండు కూలీలు. క్వారీ పనికో, పొలానికో తిరిగే బండికి అది అక్కర్లేదనే నా అభిప్రాయం. టైరు పాత సైజులోనే ఉంచి, ఆ డబ్బుతో సీళ్ళు, బేరింగులు మంచివి వేయించుకోవడం మేలు.

షెడ్డును తూచడానికి నాకు తెలిసిన దారులు కొన్ని ఉన్నాయి. ‘మరక చూపిస్తారా మేస్త్రీ?’ అని అడగాలి. మరక తీయకుండా బిగించేవాడు ఆ ప్రశ్నకు చిరాకు పడతాడు, తీసేవాడు సంతోషంగా పిలిచి చూపిస్తాడు. పాత సామాను అంతా తిరిగి ఇవ్వమనాలి. సాయంత్రానికి ఇచ్చేస్తామంటే నమ్మకూడదు, ఈ పని అంత త్వరగా అయితే ఏదో ఒకటి వదిలేసినట్టే. కూలి మరీ తక్కువ చెప్పినా అంతే. నాలుగోసారి విప్పాల్సి వస్తే ఆ పూట కూలి ఎవరిస్తారో ముందే తేలి ఉండాలి. మేస్త్రి ముందే ‘కుదిరేదాకా విప్పుతా, ఇంత అవుద్ది’ అంటే అది న్యాయమైన మాట. ఊరు చిన్నదా పెద్దదా అన్నది ఇందులో లేదు. లారీలు, ట్రాక్టర్లు ఇంత తిరిగే దారిలో, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల బండ్లను రోజూ చూసే చేతుల్లో, గుంటూరుకు తీసిపోని పనితనం ఉంది. దూరం మీద కాదు, డయల్ గేజి మీద నమ్మకం పెట్టాలి.

బండి తెచ్చుకున్నాక యజమానికి కూడా కొంత పని ఉంది. కొత్త సెట్టు పళ్ళు మొదట్లో బాగా వేడెక్కుతాయి. మొదటి ప్రయాణాలు చిన్నవిగా ఉండాలి. బరువు లేకుండా కాస్త దూరం తోలి, ఆపి, పూర్తిగా చల్లారాక మళ్ళీ తోలాలి. కొన్ని వందల కిలోమీటర్లు ట్రాలీ తగిలించకూడదు, ఆ తర్వాత మొదటి ఆయిలు తీసేసి కొత్తది పోయాలి. మంచి మేస్త్రి ఈ మాట తనే చెప్పి, ఆ రోజుకు రమ్మంటాడు. ఆయన రాసుకున్న అట్టముక్కలోని అంకెలు, అంటే పినియన్ కింద షిమ్ము మందం, కేసుకు ఎడమ కుడి షిమ్ములు, చివరి సందు కొలత, సెట్టు నంబరు ఒక చీటీ మీద రాయించుకుని బండి కాగితాలతో పాటు ఉంచుకోవాలి. రేపు మాచర్లలోనో మిర్యాలగూడలోనో ఆ హౌసింగు తెరిచే మనిషికి ఎక్కడ మొదలుపెట్టాలో ఆ చీటీ చెబుతుంది.